మొదటి మోర్స్ కీ ఎలా ఎంచుకోవాలి: కొత్త హ్యామ్‌కు సమగ్ర మార్గదర్శి

2003లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సమావేశం తర్వాత, హ్యామ్‌లు, అంటే లైసెన్సు తీసుకుని సరదాకు రేడియో నడిపేవాళ్లు, హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్) బ్యాండ్లు వాడాలంటే మోర్స్ పరీక్ష ఉండాలా వద్దా అన్నది ఏ దేశానికి ఆ దేశమే నిర్ణయించుకునే వీలు వచ్చింది. చాలా దేశాలు పరీక్ష ఎత్తేశాయి. కాబట్టి ఇప్పుడు సీడబ్ల్యూ (రేడియోలో మోర్స్ కోడ్ పంపే పద్ధతి) వైపు వస్తున్నవాళ్లలో ఎక్కువమంది బలవంతం మీద కాదు, ఇష్టపడి వస్తున్నారు. అలా వచ్చినవాళ్లకు మొదట ఎదురయ్యే తికమక మోర్స్ పంపే మీట, అంటే కీ గురించే. ఇత్తడితో మెరిసే పాతకాలపు కీలు, అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ పాడిళ్లు, రిగ్ (రేడియో సెట్టు) ధరతో పోటీపడే ఇటాలియన్ పాడిళ్లు, అన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి. ఒక్కొక్క హ్యామ్ ఒక్కో మాట చెబుతాడు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కీయర్ (మోర్స్ చుక్కల్నీ గీతల్నీ తనే తయారుచేసే సర్క్యూట్) ఉన్న రిగ్ మీ దగ్గర ఉంటే, లేదా త్వరలో కొనబోతుంటే, మొదటి కీగా మధ్యరకం డ్యూయల్ లివర్ పాడిల్ (పక్కలకు నొక్కే రెండు కడ్డీల కీ) తీసుకోండి. అది బరువుగా ఉండాలి, సర్దుబాటు స్క్రూలు ఉండాలి. స్ట్రెయిట్ కీ (కిందికి నొక్కే మామూలు కీ) తీసుకోవడానికీ మంచి కారణాలు కొన్ని ఉన్నాయి, అవి కింద చెబుతాను. "ముందు స్ట్రెయిట్ కీ, తర్వాతే పాడిల్" అన్న పాత నియమం మాత్రం అందరూ పాటించాల్సిన పని లేదు.

1వ అడుగు: కొనే ముందు కొన్నాళ్లు వినండి

మోర్స్‌లో కష్టమైనది పంపడం కాదు, వినడం. అక్షరం శబ్దం చెవికి పట్టకముందే కీ చేతికొస్తే, చెయ్యి తనకు తోచిన లయను అలవాటు చేసుకుంటుంది. ఆ లయ తప్పని చెప్పడానికి అప్పటికి చెవి తయారై ఉండదు. కోచ్ పద్ధతిలో, అంటే మొదటినుంచీ పూర్తి వేగంతో రెండు అక్షరాలు విని, అవి పట్టుబడ్డాక మూడోది కలుపుకుంటూ, కనీసం పది పన్నెండు అక్షరాలు వినగానే గుర్తుపట్టే దాకా ఆగండి. ఆ తర్వాత కీ కొన్నా ఆలస్యమేం కాదు. మీరు వింటూ ఉండగానే మీ రిగ్‌కి ఏం సరిపోతుందో కూడా తేల్చుకోవచ్చు.

2వ అడుగు: ఏ రకం ఏం చేస్తుందో తెలుసుకోండి

స్ట్రెయిట్ కీ అంటే కిందికి నొక్కే స్విచ్చి. నొక్కి ఉంచినంతసేపు టోన్ వస్తుంది, వదిలితే ఆగుతుంది. డిట్ (చుక్క) ఎంతసేపు, డా (గీత) ఎంతసేపు, మధ్య ఖాళీ ఎంత, అన్నీ మీ చేతిమీదే ఆధారపడతాయి. లెక్క ప్రకారం డా అంటే మూడు డిట్ల నిడివి. ఒకే అక్షరంలోని డిట్లు, డాల మధ్య ఒక డిట్ ఖాళీ, అక్షరాల మధ్య మూడు, పదాల మధ్య ఏడు ఉండాలి. నిమిషానికి 12 పదాల వేగంలో డిట్ సెకనులో పదో వంతు, అంటే 100 మిల్లీసెకన్లు. 20 పదాల దగ్గర అది 60కి తగ్గుతుంది. దాన్ని మణికట్టుతో ప్రతిసారీ ఒకేలా కొట్టడం సాధ్యమే, కానీ గంటసేపు అలాగే కొట్టాలంటే చెయ్యి మొరాయిస్తుంది. ఎక్కువమంది స్ట్రెయిట్ కీ మీద 15 నుంచి 20 పదాల మధ్య ఎక్కడో స్థిరపడిపోవడానికి కారణం అదే.

పాడిల్ పని వేరు. దాని లివర్లు పక్కలకు కదులుతాయి. ఒక పక్క నొక్కితే డిట్లు, రెండో పక్క నొక్కితే డాలు. కానీ వాటిని తయారుచేసేది పాడిల్ కాదు, కీయర్ అనే ఎలక్ట్రానిక్ సర్క్యూట్. ఈ రోజుల్లో చాలా హెచ్‌ఎఫ్ రిగ్‌లలో అది లోపలే ఉంటుంది. డిట్, డా నిడివినీ, వాటి మధ్య ఖాళీనీ కీయరే చూసుకుంటుంది. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఖాళీ మాత్రం మీ బాధ్యతే. కొత్తవాళ్ల పాడిల్ మోర్స్ ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే. అక్షరాలు ముద్రించినట్టు చక్కగా ఉంటాయి కానీ, అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి వస్తాయి.

పాడిళ్లలో మళ్లీ రెండు రకాలు ఉన్నాయి. సింగిల్ లివర్‌లో ఒకే కడ్డీ అటూ ఇటూ కదులుతుంది. డ్యూయల్ లివర్‌లో రెండు కడ్డీలు ఉంటాయి. రెండింటినీ ఒకేసారి పిండినట్టు నొక్కితే డిట్, డా ఒకదాని తర్వాత ఒకటి మారుతూ వస్తాయి. దీన్నే ఇయాంబిక్ అంటారు. డా, డిట్, డా, డిట్ అనే 'సీ' అక్షరం డా వైపు ముందు నొక్కి, వెంటనే రెండో వైపు కూడా పట్టుకుంటే వచ్చేస్తుంది. వినడానికి భలేగా ఉంటుంది కానీ, దానివల్ల వేలికి తగ్గే శ్రమ కొద్దిదే. ఇలా పిండే అలవాటు లేకుండా చాలా వేగంగా పంపేవాళ్లూ ఉన్నారు. డ్యూయల్ లివర్ కొన్నంత మాత్రాన పిండి తీరాలనేం లేదు. సింగిల్ లివర్ లాగే ఒక్కో వైపు నొక్కుతూ వాడుకోవచ్చు. నేను దాన్నే సిఫారసు చేయడానికి ఒక కారణం ఇది.

ఇంకో రెండు రకాలు కూడా ఉన్నాయి. బగ్ అంటే లోలకంలా ఊగే కడ్డీతో డిట్లు వాటంతటవే వచ్చే యాంత్రిక కీ. దాని మీద డాలు మాత్రం చేత్తోనే కొట్టాలి. రోజంతా స్ట్రెయిట్ కీ కొట్టి చెయ్యి పడిపోయే టెలిగ్రాఫ్ ఉద్యోగుల కోసం 1900ల తొలి దశకంలో హోరేస్ మార్టిన్ తీసుకొచ్చిన వైబ్రోప్లెక్స్ వీటిలో అందరికీ తెలిసిన పేరు. అందంగా ఉంటుంది, వినిపించే తీరుకూ ఓ వ్యక్తిత్వం ఉంటుంది. కానీ దాన్ని నెమ్మదిగా నడపడం కష్టం, సర్దడం అంతకంటే కష్టం. మొదటి కీ మాత్రం కాదు. సైడ్‌స్వైపర్ పక్కలకు కదిలే స్ట్రెయిట్ కీ లాంటిది, సరదా వస్తువు. దాన్నీ తర్వాతకు వదిలేయండి.

3వ అడుగు: మీ రిగ్ వెనక్కి తిప్పి చూడండి

కీ ఎంపికలో సగం నిర్ణయం రిగ్ వెనక ప్యానెల్ మీదే జరిగిపోతుంది. మూడు విషయాలు చూడండి.

కీయర్ ఉందా? మాన్యువల్‌లో కీయర్ స్పీడ్ అనే సెట్టింగు ఉంటే ఉన్నట్టే. లేకపోతే పాడిల్ నేరుగా పనిచేయదు, విడిగా ఒక కీయర్ పెట్టె కావాలి. ఆ ఖర్చు, ఆ వైర్లు వద్దనుకుంటే స్ట్రెయిట్ కీయే దారి.

ఏ జాక్ ఉంది? 3.5 మిల్లీమీటర్లదా, 6.35దా చూడండి. కొన్ని రిగ్‌లలో పాడిల్‌కు ముందు ఒకటి, స్ట్రెయిట్ కీకి వెనక ఒకటి విడివిడిగా ఉంటాయి. ఎక్కువ వాటిలో ఉన్నది ఒక్కటే, రకం మెనూలో మార్చుకోవాలి.

కీ తీగల్లో ఎంత వోల్టేజి ఉంటుంది? ఇప్పటి రిగ్‌లలో ఇది కొద్ది వోల్టులే, భయం లేదు. పాత వాల్వు ట్రాన్స్‌మిటర్ల సంగతి వేరు. కొన్నింటిలో కీ తెరిచి ఉన్నప్పుడు దాని కాంటాక్టుల మధ్య వంద వోల్టులు, అంతకంటే ఎక్కువ కూడా ఉండొచ్చు. స్ట్రెయిట్ కీ మీద లోహపు భాగాలన్నీ బయటికే ఉంటాయి కదా, వేలు తగిలితే షాక్ ఖాయం. అలాంటి రిగ్ వారసత్వంగా వచ్చి ఉంటే, మధ్యలో రిలే గానీ ఐసొలేటర్ సర్క్యూట్ గానీ పెట్టకుండా ఏ కీ తగిలించకండి.

4వ అడుగు: స్ట్రెయిట్ కీయా, పాడిలా?

స్ట్రెయిట్ కీని సమర్థించేవాళ్ల వాదన ఇది: చేత్తో కొడితేనే లయ ఒంటికి పడుతుంది, కీయర్ ఉంటే యంత్రమే అంతా చేసేస్తుంది. ఇందులో కొంత నిజం ఉంది. కానీ లయ ముందు చెవి నుంచి రావాలి. కీయర్ డిట్ ఎప్పుడూ కచ్చితమైన నిడివితో వస్తుంది కాబట్టి, పాడిల్ మీద పంపిన ప్రతిసారీ మీ చెవి సరైన అక్షరాన్నే వింటుంది. స్ట్రెయిట్ కీ మీద మొదటి నెలల్లో మీ చెవి వినేది మీ తప్పులనే. పైగా అక్షరం 18, 20 పదాల వేగంతో ఉండి మధ్య ఖాళీలు మాత్రం సాగదీసే ఫార్న్స్‌వర్త్ తరహా సాధనకు పాడిల్ సరిగ్గా సరిపోతుంది. కీయర్‌ని 18 దగ్గర పెట్టి, అక్షరాల మధ్య మీకు కావలసినంతసేపు ఆగితే చాలు. అదే వేగంతో స్ట్రెయిట్ కీ మీద కొత్తవాడు 'హెచ్' కొడితే, నాలుగు డిట్లకు బదులు మూడో ఐదో వస్తాయి.

అయినా ఈ సందర్భాల్లో స్ట్రెయిట్ కీయే కొనండి:

మీ రిగ్‌లో కీయర్ లేదు, లేదా చిన్న కిట్ రిగ్ కట్టుకుంటున్నారు.

పాత పద్ధతిలో చేత్తో పంపడమే మీకు ఇష్టం. ఇది చిన్న కారణమేం కాదు. చేతి కీలకే పరిమితమైన స్ట్రెయిట్ కీ సెంచరీ క్లబ్ లాంటి సంఘాలు ఉన్నాయి. అమెరికా హ్యామ్‌ల సంఘం ఏఆర్ఆర్ఎల్ ఏటా కొత్త సంవత్సరానికి స్ట్రెయిట్ కీ నైట్ జరుపుతుంది. అక్కడ పోటీ ఉండదు, తీరిగ్గా మాట్లాడుకోవడమే.

దగ్గరివాళ్లు మంచి స్ట్రెయిట్ కీ ఊరికే ఇస్తున్నారు. చేతికొచ్చిన మంచి కీని వద్దని, ఇంకోటి వెతుక్కుంటూ నెలలు గడపడం కంటే దాంతో మొదలుపెట్టడమే మేలు.

మణికట్టు నొప్పి, వేళ్లలో తిమ్మిరి లాంటివి ఇప్పటికే ఉన్నవాళ్లు మాత్రం మారుమాట లేకుండా పాడిల్ వైపే వెళ్లండి. టెలిగ్రాఫ్ రోజుల్లో దీన్ని 'గ్లాస్ ఆర్మ్' అనేవాళ్లు. అదేపనిగా నొక్కడం వల్ల చెయ్యి పట్టు తప్పే జబ్బు అది.

5వ అడుగు: పాడిల్‌లో ఏం చూడాలి

మొదట బరువు. పాడిల్‌ని పక్కకు నెడతాం కాబట్టి, తేలిగ్గా ఉంటే అది బల్లమీద నడుచుకుంటూ వెళ్లిపోతుంది. ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో పంపుతూ, రాసుకోవడానికి మూడో చెయ్యి లేక అవస్థ పడాలి. కింద ఉక్కు లేదా ఇత్తడి దిమ్మ ఉండి, దాదాపు కిలో బరువుంటే నిశ్చింత. 3డీ ప్రింటు పాడిళ్లు తేలిగ్గా ఉంటాయి, అయినా వాటిని తీసిపారేయొద్దు. ఒక ఉక్కు పలకకు స్క్రూలతో బిగిస్తే మొదటి ఏడాదికి ఏ లోటూ ఉండదు. కింద జారని రబ్బరు షీటు వేసినా కొంత మేలు.

రెండోది కదలిక. లివర్ చివర పట్టుకుని నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించండి. అలా కదలకూడదు. పక్కలకు మాత్రం ఏ పట్టూ లేకుండా జారాలి. బాల్ బేరింగులు ఉన్నవి సాఫీగా ఉంటాయి. సూది మొన మీద తిరిగేవి కూడా బాగా చేస్తే అంతే బాగుంటాయి. పైకీ కిందికీ ఊగే లివర్ని ఏ సర్దుబాటూ బాగుచేయలేదు.

మూడోది సర్దుబాట్లు. ప్రతి లివర్‌కు కాంటాక్టు సందు విడిగా మార్చే స్క్రూ, అది జరగకుండా బిగించే నట్టు ఉండాలి. బిగువు మార్చే వీలు కూడా ఉండాలి. లివర్ని వెనక్కి తెచ్చే పని కొన్నింటిలో స్ప్రింగ్ చేస్తుంది, కొన్నింటిలో అయస్కాంతాలు చేస్తాయి. రెండూ మంచివే. నాకు అయస్కాంతాలు ఎక్కువ ఇష్టం, వదలగానే లివర్ టక్కున వెనక్కి వచ్చిన భావన ఉంటుంది. బెంచర్ బీవై-1 లాంటి పేరున్న పాడిల్‌లో ఒకే స్ప్రింగ్ రెండు లివర్లనూ లాగుతుంది కాబట్టి, రెండు వేళ్లకు వేర్వేరు బిగువు పెట్టుకునే వీలు తక్కువ. కొత్తవాళ్లకు అది లోపమేం కాదు.

టచ్ పాడిళ్లు కూడా ఉన్నాయి. కదిలే భాగాలే ఉండవు, వేలు తగిలితే చాలు. వినడానికి బాగుంది కానీ, వేలు లివర్ని నొక్కిన గుర్తు చేతికి తెలియదు. విడిగా కరెంటు కావాలి, ఎక్కువ పవర్‌తో పంపుతున్నప్పుడు ఆర్‌ఎఫ్ (రిగ్ పంపే రేడియో తరంగాలు) చొరబడి పిచ్చిగా ప్రవర్తించే అవకాశమూ ఉంది. మొదటి కీగా వద్దు.

ఎడమచేతి వాటం ఉన్నవాళ్లు ప్రత్యేకంగా వెతకాల్సిన పనిలేదు. డిట్, డా వైపులు మార్చే సెట్టింగు చాలా కీయర్లలో ఉంటుంది. లేకపోతే ప్లగ్‌లో రెండు తీగలు అటూ ఇటూ మార్చి సోల్డరు చేస్తే సరి.

6వ అడుగు: స్ట్రెయిట్ కీలో ఏం చూడాలి

ఇక్కడ నాబ్ ఎత్తే ముఖ్యం. అమెరికా తరహా కీలలో నాబ్ కిందికి, చదునుగా ఉంటుంది. ముంజేయి మొత్తం బల్లమీద ఆన్చి, కీని అంచునుంచి లోపలికి పెట్టి, మణికట్టును ఆడిస్తూ కొడతారు. యూరప్ తరహాలో నాబ్ ఎత్తుగా ఉంటుంది. కీ బల్ల అంచున ఉంటుంది, మోచేయి గాల్లో ఉంచి చెయ్యి మొత్తం కదిలిస్తారు. ఒక తరహా కీని రెండో తరహాలో కొడితే పది నిమిషాల్లో నొప్పి మొదలవుతుంది. మీ బల్లమీద చెయ్యి ఆన్చేంత చోటు ఉందా లేదా చూసుకుని అప్పుడు కొనండి. చిన్న విషయమే అనిపిస్తుంది కానీ, "నాకు స్ట్రెయిట్ కీ పడదు" అని వదిలేసినవాళ్లలో కొందరికి పడనిది కీ కాదు, బల్ల.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యం శిక్షణకు వాడిన జే-38 కీలు ఇప్పటికీ సెకండ్‌హ్యాండ్‌లో తిరుగుతుంటాయి. జపాన్ హై-మౌండ్ కీలు, ఇంగ్లండ్ కెంట్ కీలు కూడా చాలామంది మొదటి కీలే. జే-38 తేలిగ్గా ఉంటుంది, చెక్క పలకకో లోహపు పలకకో బిగించాలి.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు కాంటాక్టులు గుంటలు పడ్డాయా, పక్క బేరింగు స్క్రూలు అరిగి ఆర్మ్ (నొక్కే కడ్డీ) అటూ ఇటూ ఊగుతోందా, స్ప్రింగ్ అసలుదేనా చూడండి. ఇత్తడి మీద నల్లటి మచ్చలు ఉంటే ఏమీ కాదు. అలంకరణ కోసం చేసిన "పురాతన" కీలతో మాత్రం జాగ్రత్త. వాటి నిగనిగ చూసి కొంటే, కాంటాక్టులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవు, తీగ తగిలించడానికి టెర్మినలే ఉండకపోవచ్చు.

7వ అడుగు: ఎంత ఖర్చు పెట్టాలి

మధ్యలో ఆగండి. మరీ చవకదైతే కాంటాక్టులు వదులై డిట్లు తప్పుతాయి, తప్పు మీదా కీదా తెలియక టెన్షన్. బెగాలి లాంటి పేరున్న ఇటాలియన్ పాడిల్ అద్భుతమే, కానీ మీ వేళ్లకు ఎంత బిగువు నచ్చుతుందో, సింగిలా డ్యూయలా ఏది కుదురుతుందో ఇంకా మీకే తెలియదు. ఏడాది తర్వాత తెలుస్తుంది. అప్పుడు రెండోది కొనుక్కోండి, ఎలాగూ కొంటారు. వీలైతే కొనేముందు హ్యామ్ క్లబ్బులో ఎవరిదైనా అడిగి పది నిమిషాలు ఆడించి చూడండి. దానికి మించిన సలహా లేదు.

8వ అడుగు: తీగలు కలపడం

పాడిల్‌కు మూడు తీగల స్టీరియో ప్లగ్ కావాలి. సాధారణంగా మొన డిట్‌కు, మధ్య రింగు డాకు, వెనక భాగం గ్రౌండ్‌కు. స్ట్రెయిట్ కీకి రెండే తీగలు, మొన ఒకటి, వెనక భాగం ఒకటి.

కొత్తవాళ్లను బాగా ఏడిపించే సంగతి ఇక్కడే ఉంది. రెండు తీగల మోనో ప్లగ్‌ని స్టీరియో జాక్‌లో పెడితే, దాని వెనక భాగం జాక్‌లోని రింగుని గ్రౌండ్‌కు కలిపేస్తుంది. రిగ్ పాడిల్ సెట్టింగులో ఉంటే, డా వైపు ఎవరో పట్టుకుని వదలనట్టు డాలు ఆగకుండా వస్తూనే ఉంటాయి. రిగ్ పాడైందనుకుని కంగారు పడతారు. స్ట్రెయిట్ కీకి కూడా స్టీరియో ప్లగ్ వాడి రింగుని ఖాళీగా వదిలేయండి, సమస్య ఉండదు. అలా చేశాక కీ నొక్కితే టోన్ బదులు వరసగా డిట్లు వస్తున్నాయా? మెనూలో స్ట్రెయిట్ కీ అని మార్చడం మర్చిపోయారన్నమాట.

9వ అడుగు: సర్దుకోవడం

స్ట్రెయిట్ కీలో ముందు పక్క బేరింగు స్క్రూలు. ఆర్మ్ ఊగకూడదు, అలాగని పట్టేయకూడదు. తర్వాత కాంటాక్టులు ఎదురెదురుగా వచ్చాయో లేదో. తర్వాత సందు, విజిటింగ్ కార్డు దూరేంత. చివరికి స్ప్రింగ్, చెయ్యి బరువుకు ఆర్మ్ కిందికి వాలిపోకుండా ఆపేంత. ఈ వరస మార్చితే, సందు సర్దినాక బేరింగు కదిలి మళ్లీ మొదటికొస్తుంది.

పాడిల్‌లో మొదట్లో సందు కొంచెం ఎక్కువ ఉంచి, వారం పదిరోజులకు తగ్గించుకుంటూ రండి. నిపుణులు కాగితం మందం కంటే తక్కువ సందు పెడతారు. అది చూసి మొదటిరోజే అలా పెడితే వేలు ఊరికే తగిలి అనుకోని డిట్లు దూరుతాయి. నొక్కడం వేలి కండతో కాదు, మోపినట్టు ఉండాలి. పాడిల్ పక్కకు జరుగుతోందంటే, బరువు తక్కువైనా అయ్యుండాలి, మీరు కొడుతూ అయినా ఉండాలి.

కాంటాక్టులు మురికిపడితే గరుకు కాగితం పెట్టకండి, వెండి పూత పోతుంది. తెల్ల కాగితం ముక్క మధ్యలో పెట్టి, లివర్ మెల్లగా నొక్కి లాగితే చాలు.

10వ అడుగు: గాల్లోకి పంపకుండా సాధన

చాలా రిగ్‌లలో బ్రేక్-ఇన్ (కీ నొక్కగానే రిగ్ తనంతట తానే ట్రాన్స్‌మిట్‌లోకి మారే సెట్టింగు) ఆపేస్తే, కీ నొక్కినప్పుడు సైడ్‌టోన్ (మీరు కొట్టేది మీకు వినిపించే శబ్దం) మాత్రమే వినిపిస్తుంది, ట్రాన్స్‌మిట్ కాదు. అలా ఎంతసేపైనా సాధన చేయొచ్చు. కీయర్‌ని 15 నుంచి 18 పదాల మధ్య పెట్టండి. 'హెచ్', అంకె ఐదు, అంకె సున్నా, 'సీ', 'ఎల్', 'ఎఫ్', 'వై' ఎక్కువగా పంపండి, చేతిలోని లోపాలు వీటిలోనే బయటపడతాయి. ఫోనులో రికార్డు చేసి మర్నాడు మీరే విని రాసుకోండి. మీరు పంపింది మీకే అర్థం కాకపోతే, ఖాళీలు పెంచాలి. వేగం జోలికి ఇప్పుడే వెళ్లొద్దు.

ఇయాంబిక్ మొదలుపెట్టేముందు కీయర్ మోడ్ 'ఏ'నా 'బీ'నా చూసుకోండి. మోడ్ 'ఏ'లో పిండి వదిలేస్తే, అప్పుడు నడుస్తున్న డిట్టో డానో పూర్తయి ఆగిపోతుంది. మోడ్ బీలో దాని తర్వాత ఎదుటి రకంది ఇంకొకటి అదనంగా వస్తుంది. 'సీ' పంపాలంటే 'ఏ'లో చివరి డిట్ మొదలయ్యేదాకా పట్టుకోవాలి, బీలో రెండో డా నడుస్తుండగానే వదిలేయాలి. ఏది మంచిదని హ్యామ్‌లు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు. మీరు ఏదో ఒకటి ఎంచుకుని దానిమీదే ఉండండి. కొత్త రిగ్ కొన్నప్పుడు, లేదా ఫ్యాక్టరీ రీసెట్ చేసినప్పుడు మోడ్ మారిపోయి ఉండొచ్చు. ఉన్నట్టుండి మీ 'సీ' చివర ఎక్కడినుంచో ఒక డా తగులుకుంటే, వేళ్లను తిట్టుకోకముందు మెనూ తెరిచి చూడండి.